కొండదారి

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగులో యాత్రాసాహిత్యానికి ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఆద్యమని విమర్శకులు చెబుతారు. ఆ గ్రంథం వెలువడిన తరువాత రైలు వచ్చింది, మోటారు వచ్చింది, విమానం వచ్చింది. దూరాలు దగ్గరయ్యాయి. అయినప్పటికీ కాలినడకన గాని, సైకిలుపై గాని పోతే తప్ప బోధపడని దారులు తెలుగునేలపై ఇంకా మిగిలి ఉన్నాయి. అటువంటి కొండదారులు రెండింటిని ఈ పాఠం పరిచయం చేస్తుంది. వాటిలో మొదటిది గుంటూరుకు పడమట ఉన్న కొండవీటి దారి. రెండవది నల్లమలలోని శ్రీశైలం మెట్లదారి.

పాఠం

చేబ్రోలు సమతలంలో వెలసిన ఊరు. గుంటూరు నుండి పొన్నూరు మీదుగా బాపట్ల పోయే రహదారిపై, గుంటూరుకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరిలో భీమేశ్వరాలయం, నాగేశ్వరాలయం, కోనేటి నడుమ వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మాలయం ఉన్నాయి. ప్రాచీనులు దీనిని తామ్రపురి అన్నారు. కాకతి గణపతిదేవుని గజసేనాపతి, 'నృత్తరత్నావళి' కర్త అయిన జాయప 13వ శతాబ్దంలో ఇక్కడినుండి ఈ సీమను పాలించాడు. భీమేశ్వరాలయ జీర్ణోద్ధరణ సమయంలో బయటపడిన ఒక శిలాశాసనం శాతవాహన రాజు విజయుని అయిదవ పాలనా సంవత్సరానిదని, అనగా క్రీ.శ. 207 నాటిదని పురావస్తు శాఖ 2019లో ప్రకటించింది. దక్షిణ భారతంలో ఇంతవరకు లభించిన సంస్కృత శాసనాలలో అదే ప్రాచీనమైనదని శాసన పరిశోధకులు నిర్ణయించారు. ఇంత చరిత్ర గల ఊరికి కొండ మాత్రం లేదు. ఇక్కడి బాలుడు 'కొండ' అనే మాటను ముందు పుస్తకంలో చదివి, తరువాత ఏ కోటప్పకొండ తిరునాళ్ళకో, మంగళగిరికో పోయినప్పుడు చూస్తాడు.

సమతల భూమిలో నివసించే వారికి దారి పెద్ద సమస్య కాదు. అందువల్లనే కాబోలు, ఈ ప్రాంతపు దారులకు పేర్లు వాటిమీద నడిచే వారినిబట్టి, వాటి వెడల్పునుబట్టి ఏర్పడ్డాయి. పొలాల మధ్య ఎడ్లబండి పోయేది డొంక. గట్టుమీద ఒక్క మనిషి పోయేది కాలిబాట. ఊరికి ఊరికి నడుమ అందరూ పోయేది రహదారి. కొండ దగ్గరకు పోయేసరికి పేర్లు మారుతాయి. అక్కడ కనుమ ఉంటుంది, సోపానం ఉంటుంది, లోయలోకి దిగే జాడ ఉంటుంది. మైదానంలో దారి దూరాన్ని మాత్రమే దాటిస్తుంది. కొండపై అది ఎత్తును కూడా దాటించాలి. ఈ రెండవ పనికి మనిషి చూపిన నేర్పు ఎంతటిదో తెలియాలంటే ఆ దారిని తన బలంతోనే ఎక్కాలి.

చేబ్రోలు నుండి కొండవీటికి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నారాకోడూరు మీదుగా గుంటూరు చేరి, నగరాన్ని దాటి, పడమటి దిక్కున ఫిరంగిపురం వైపునుండి గాని, జాతీయ రహదారిపై చిలకలూరిపేట దిశగా సాగి యడ్లపాడు వైపునుండి గాని చేరవచ్చు. కొండవీడు నేడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు చేబ్రోలూ, కొండవీడూ ఒకే గుంటూరు జిల్లాలో ఉండేవి. మోటారులో పోయేవానికి ఇది గంట ప్రయాణం. సైకిలుపై మూడు గంటలు పడుతుంది. ఈ మూడు గంటలలో నేల మారడం కనిపిస్తుంది. కాలువ నీటి తడి వెనుకబడుతుంది. నల్లరేగడి విశాలమవుతుంది. మిరప, ప్రత్తి చేలు దారికి రెండువైపులా పరచుకుంటాయి. క్రమంగా మట్టిలో ఎరుపు కలుస్తుంది, రాళ్ళు తేలుతాయి. తూర్పు కనుమల నుండి చెదిరిన తునకల వంటి కొండలు ముందుగా నీలిరేఖగా, తరువాత బూడిదరంగు గోడగా, దగ్గరపడిన కొద్దీ పొదలతో, బండలతో నిండిన వాలుగా దర్శనమిస్తాయి. కారు కిటికీలోనుండి చూసేవానికి కొండ ఒక్కసారిగా ఎదురవుతుంది. సైకిలు తొక్కేవానికి అది గంటసేపు పెరుగుతూ వస్తుంది. తన కాళ్ళు ఎక్కవలసిన ఎత్తు ఎంతో అతడు ముందుగానే లెక్క వేసుకొంటాడు.

ఆ లెక్కను కొంచెం వివరంగా చూడడం అవసరం. కొండవీటి శిఖరాలు మూడు వందల మీటర్లకు పైబడిన ఎత్తు కలవి. మనిషి, సైకిలు, నీళ్ళు కలిసి 90 కిలోల బరువు ఉంటుందనుకొందాం. దీనిని 300 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 2,65,000 జౌళ్ళ పని, అనగా 63 కిలోకేలరీల శక్తి కావాలి. మన కండరాలు ఆహారశక్తిలో నాలుగవ వంతును మించి పనిగా మార్చలేవు. తక్కినది వేడిగా, చెమటగా పోతుంది. కనుక నిజంగా ఖర్చయ్యేది 250 కిలోకేలరీలు. గుప్పెడు వేరుశనగపప్పు, ఒక బెల్లంముక్క ఆ శక్తినిస్తాయి. ఇంత స్వల్పమైన ఆహారంతో ఒక మనిషి తన వాహనంతోసహా కొండ ఎక్కగలడన్న విషయం ఆశ్చర్యకరమే.

అయితే శక్తి చాలినంత మాత్రాన సైకిలు కొండ ఎక్కదు. పాలవాళ్ళు, పోస్టుమన్లు, బడిపంతుళ్ళు దశాబ్దాలపాటు వాడిన పెద్ద నల్ల సైకిలుకు గేర్లు లేవు. దాని పెడలు ఒక చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. మైదానంలో ఇది సుగుణం. నూరు మీటర్ల దారికి పది మీటర్ల ఎత్తు పెరిగే వాలుపై ఇదే గుణం దోషమవుతుంది. పెడలు ఒక్కొక్క చుట్టుకు మనిషి తననూ, బండినీ అర మీటరు పైకి లేపవలసి వస్తుంది. అంటే చుట్టు పొడవునా నలభై కిలోల బరువును ఆపకుండా అదిమిపట్టడంతో సమానం. బలవంతుడైనా నాలుగైదు నిమిషాలకు దిగిపోతాడు. గేర్ల సైకిలు ఈ భారాన్ని విభజిస్తుంది. ఒక చుట్టుకు రెండు మీటర్లే పోయేటట్లు చేసి, బలం తగ్గించి, కాలం పెంచుతుంది. పని మొత్తం మాత్రం తగ్గదు. మెట్లు చిన్నవి చేసి సంఖ్య పెంచిన సోపానశిల్పి చేసినదీ ఇదే. నిట్టనిలువు కొండకు వంకరటింకరగా దారి వేసిన ఇంజనీరు చేసినదీ ఇదే.

సైకిలు దిగి నడిపించుకొంటూ పోవడాన్ని మన పల్లెలలో ఎవరూ చిన్నతనంగా భావించలేదు. ఏటిగట్టు ఎక్కేటప్పుడు, వాగు దాటేటప్పుడు, క్యారియరుమీద బియ్యం బస్తా ఉన్నప్పుడు దిగి నెట్టడమే మర్యాద. ఇతర దేశాలలో ఇది ఒక అభిరుచిగా, సంఘంగా కూడా రూపొందింది. కార్ల్ డ్రైస్ అనే జర్మన్ దేశీయుడు 1817లో పెడళ్ళు లేని రెండు చక్రాల బండిని తయారుచేశాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు సమాన చక్రాలు, గొలుసు గల సైకిలును తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టాడు. ఆ తరువాత పదేళ్ళు తిరగకముందే ఫానీ బుల్లక్ వర్క్‌మన్ అనే అమెరికన్ మహిళ భర్తతో కలిసి సైకిలుపై భారతదేశ యాత్రకు వచ్చింది. పద్నాలుగు వేల మైళ్ళ ఆ యాత్రను ఆ దంపతులు 1904లో గ్రంథంగా ప్రకటించారు. సైకిలు ఆగిన చోట హిమాలయాలు మొదలయ్యాయి. అక్కడ ఆమె బండిని విడిచి, కాలినడకన మంచుకొండలు ఎక్కి, పర్వతారోహకురాలిగానే ఎక్కువ ప్రఖ్యాతి పొందింది. 1923 అక్టోబరులో బొంబాయి నుండి బయలుదేరిన యువకులలో అది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు 1928 మార్చిలో ప్రపంచాన్ని చుట్టి తిరిగివచ్చారు. వారు తొక్కిన దూరం నలభై నాలుగు వేల మైళ్ళు. 1955లో ఇంగ్లండులో కొందరు సైకిలువాదులు, తారురోడ్డు విడిచి కొండబాటల వెంట పోవాలనీ, తొక్కగలిగినంత దూరం తొక్కి, వీలుకాని చోట బండిని భుజాన వేసుకోవాలనీ తీర్మానించుకొని ఒక సంఘం స్థాపించారు. కొండ విషయంలో సైకిలుకూ, కాలికీ పోటీ లేదని వీరందరికీ తెలుసు. ఒకటి ఆగిన చోట రెండవది అందుకొంటుంది.

కొండవీటిలో ఈ రెండూ కలిసే చోటు కొండ అడుగున ఉన్న ఊరు. ఇక్కడ యాత్రికుని ముందు రెండు దారులు నిలుస్తాయి. ఒకటి 2010 తరువాతి దశాబ్దంలో కొండను తొలిచి వేసిన ఘాట్ రోడ్డు. దానిపై కార్లు, మోటారు సైకిళ్ళు పైవరకు పోతాయి. రెండవది అంతకుముందు అందరూ ఎక్కిన పాత మెట్లదారి. కొండ అడుగున, కత్తుల బావిగా జనం చెప్పుకొనే గోపీనాథాలయం ఉంది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు వాననీటిని నిలుపుకొన్నాయి. కోటగోడలు శిఖరం నుండి శిఖరానికి కొండ అంచునే పాకుతూ పోతాయి. నాదెండ్ల దర్వాజా, కొలేపల్లి దర్వాజా అనే ద్వారాల పేర్లు ఏ దారి ఏ ఊరి వైపు దిగేదో నేటికీ చెబుతున్నాయి.

ఈ కోట వృత్తాంతాన్ని చరిత్ర పుస్తకాలు విస్తారంగా చెప్పాయి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం స్థాపించాడు. అతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. 1424 వరకు రెడ్డిరాజులు, తరువాత గజపతులు ఏలారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దుర్గాన్ని పట్టుకొన్నాడు. ఈ రాజుల వరుసను కంఠస్థం చేసిన విద్యార్థికి కూడా తోచని ప్రశ్న ఒకటుంది. ఇంత ఎత్తైన చోట ఒక రాజధాని ఏమి తిని, ఏమి తాగి బ్రతికింది?

ఈ ప్రశ్నకు సమాధానం దారిలోనే ఉంది. అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో సముద్రతీరాన ఉంది. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి, పన్నీరు మొదలైన సుగంధ ద్రవ్యాలు అవచి తిప్పయసెట్టి సమకూర్చేవాడు. ఆ సెట్టికి శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చాడు. ద్వీపాంతరాల నుండి ఓడలో వచ్చిన ఆ పరిమళ ద్రవ్యం రేవులో దిగి, ఇసుక నేల దాటి, నల్లరేగడి డొంకల వెంట ఎద్దులపైన, బండ్లపైన పయనించి, చివరకు ఈ కొండ అడుగుకు చేరి ఉంటుంది. చివరి మజిలీలో మోసినవి మనుషుల భుజాలే. ధాన్యం, నూనె, కట్టెలు, ఆయుధాలు, పల్లకీలు అన్నీ మెట్లదారినే ఎక్కాయి. వసంతోత్సవ వైభవాన్ని వర్ణించిన కవులున్నారు. బరువు మోసినవారి ఆయాసాన్ని వర్ణించినవారు కనిపించరు. ఒట్టి చేతులతో ఆ మెట్లెక్కి, నడుమ కూలబడిన నేటి బాటసారికి మాత్రం అది అర్థమవుతుంది.

పాత దారిని కనుగొనడం కూడా ఒక విద్య. కొండమీద అన్ని జాడలూ మనిషి దారులు కావు. వాననీటి జాడ వాలు వెంట తిన్నగా దిగుతుంది. దానిలో మట్టి ఉండదు, గులకరాళ్ళు మాత్రమే ఉంటాయి. మేకల జాడ వాలుకు అడ్డంగా, దాదాపు ఒకే ఎత్తున పోయి, పొదల దగ్గర పదిపాయలుగా చీలిపోతుంది. మనిషి వేసిన దారి ఈ రెంటికీ నడుమ రకం. అది ఏటవాలుగా ఎక్కుతుంది, మలుపు దగ్గర కాస్త చదునవుతుంది. లోయవైపు అంచున పేర్చిన రాళ్ళు ఉంటాయి. బండమీద అరిగి నునుపెక్కిన పల్లాలు ఉంటాయి. బరువు మోసేవారు ఆగడానికి వీలైన చోట పెద్ద బండగాని, చెట్టునీడగాని తప్పక ఉంటుంది. ఈ గుర్తులు రెండు మూడు కలిసి కనబడితే అది పూర్వుల దారి అని నమ్మవచ్చు. ఒకే గుర్తును నమ్మి పోయినవాడు చాలాసార్లు మేకల వెంట తిరిగి మొదటికి వస్తాడు.

మేకలు కాచేవారిని అడగడం అన్నింటికంటె ఉత్తమం. వారి లెక్కలో కిలోమీటర్లు ఉండవు. "ఆ బండ దాటాక కేకేస్తే వినపడేంత దూరం బాబూ" అంటారు. ఎండ ఎక్కే వేళ, నీరు దొరికే గుంట, రక్తపింజర తిరిగే రాళ్ళగుట్ట, సీతాఫలాలు కాసే మడుగు వారికి తెలిసినట్లు ఏ పటానికీ తెలియవు. కొండవీటి వాలులలో సీతాఫలం పొదలు విస్తారంగా ఉన్నాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఆ పండ్ల కోసం ఎక్కేవారి పాదాలే కొన్ని దారులను బ్రతికిస్తున్నాయి.

కాలం లెక్కించడానికి పర్వతారోహకులు పాటించే సూత్రం ఒకటుంది. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో దానిని చెప్పాడు. మైదానంలో గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున లెక్కవేసి, ఎక్కవలసిన ప్రతి ఆరు వందల మీటర్ల ఎత్తుకు మరొక గంట కలపాలి. ఆ ప్రకారం కొండవీటిపైకి నాలుగు కిలోమీటర్ల దారి గంటా ఇరవై నిమిషాలు కావాలి. అయితే నైస్మిత్ స్కాట్లండు చలిలో నడిచినవాడు. గుంటూరు ఎండ ఆయన ఎరుగడు. ఫాల్గుణం దాటిన తరువాత ఈ కొండ రాళ్ళు ఉదయం పది గంటలకే సెగలు కక్కుతాయి. కార్తీకం నుండి మాఘం వరకు గల కాలం ఈ యాత్రకు అనుకూలం. అప్పుడైనా తెల్లవారుజామునే బయలుదేరి, ఒక్కొక్కరు మూడు లీటర్లకు తగ్గకుండా నీరు తీసుకొనిపోవాలి. ఒంటరిగా పోరాదు. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పటికి తిరిగివచ్చేదీ ఊరిలో ఒకరికి చెప్పి పోవాలి.

దిగడం ఎక్కడం కంటె సులభమని అనుకోవడం పొరపాటు. ఎక్కేటప్పుడు అలసట గుండెకు, ఊపిరితిత్తులకు. దిగేటప్పుడు శిక్ష మోకాళ్ళకు. ఘాట్ రోడ్డున సైకిలుపై దిగేవానికి మరొక ప్రమాదం ఉంది. ఎక్కడంలో సంపాదించిన ఎత్తంతా వేగంగా మారడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ వేగాన్ని బ్రేకులు వేడిగా మార్చి వదిలిపెట్టాలి. పాతకాలపు ఊచల బ్రేకు, మెరుగు పెట్టిన ఇనుప రిమ్ముపై తడి తగిలితే దాదాపు పనిచేయదు. ఒకే బ్రేకును ఆపకుండా పట్టి ఉంచితే రబ్బరు కాలిపోతుంది. ముందూ వెనుకా బ్రేకులను విడతలు విడతలుగా వాడాలి. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. బ్రేకులమీద అనుమానం ఉన్నవాడు నడిపించుకొంటూ దిగడమే వివేకం.

కొండవీటి రెడ్డిరాజులకు మరొక కొండదారితో సంబంధం ఉంది. అది ఈ ప్రాంతానికి పడమట చాలా దూరంలో, నల్లమల అడవిలో ఉంది. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబలానికీ సోపానాలు కట్టించాడని ప్రసిద్ధి. అతని ఆస్థానకవి ఎర్రాప్రగడ. యుద్ధాలు గెలిచిన రాజులు చాలామంది ఉన్నారు. మెట్లు కట్టించి పేరు నిలుపుకొన్నవారు తక్కువ. ఆత్మకూరు వైపు నుండి శ్రీశైలానికి పోయే ప్రాచీన మార్గం నాగలూటి వద్ద వీరభద్రాలయాన్ని తాకి, రాతిమెట్ల మీదుగా అడవిలోకి ఎక్కి, పెద్దచెరువు, మఠం బావి దాటుతుంది. తరువాత లోతైన లోయలోని భీముని కొలనుకు దిగుతుంది. అక్కడినుండి నిట్టనిలువుగా మెట్లెక్కితే కైలాసద్వారం. ఆ పైన హాటకేశ్వరం, శ్రీశైలం. దిగి మళ్ళీ ఎక్కవలసిన ఈ లోయ యాత్రికుని సహనానికి చివరి పరీక్ష.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన దాదాపు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. కడప, అహోబలం దాటి ఈ నల్లమల దారినే శ్రీశైలం దర్శించాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. పదిహేను నెలల ఆ యాత్రలో ఆయన పల్లకిలో పోయినా, ఆ పల్లకిని బోయీలు నడిచే వేగంతోనే మోశారు. అందుచేత ఆయన కన్ను నడిచేవాని కన్నుగానే ఉండిపోయింది. ఏ మజిలీలో నీరు బాగుంది, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దారి రాళ్ళమయం, ఎక్కడ ఇసుక, ఎక్కడ దొంగల భయం అన్నది విడువకుండా వ్రాశాడు. ఆయన 1836లో మరణించాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె ఆ దినచర్యను 1838లో అచ్చువేయించాడు. రెండు శతాబ్దాలు గడవబోతున్నా ఆ గ్రంథాన్ని నేటికీ చదువుతున్నామంటే, అందులోని పుణ్యక్షేత్ర మహిమలతోపాటు ఈ దారి వివరాలు కూడా కారణమే. రైలు పెట్టెలో కూర్చుండి పోయిన తరువాతి యాత్రికులలో ఎందరికో వ్రాయడానికి స్టేషన్ల పేర్లు మాత్రమే మిగిలాయి.

శ్రీశైలానికి కూడా ఘాట్ రోడ్లు వచ్చాయి. దోర్నాల నుండి, హైదరాబాదు నుండి బస్సులు పోతున్నాయి. కృష్ణపై ఆనకట్ట నిర్మాణం ఆ రాకపోకలను మరింత పెంచింది. పెద్దలు, వ్యాధిగ్రస్తులు, పసిపిల్లల తల్లులు మల్లికార్జునుని చూడగలుగుతున్నది ఆ రోడ్ల వల్లనే. కొండ ఎక్కలేనివారిని కొండకు దూరంగా ఉంచడం ధర్మం కాదు. రోడ్డును నిందించే నడకప్రియులు ఈ మాటను మరచిపోతారు. చిక్కు మరొకచోట ఉంది. రోడ్డు పడిన మరునాటి నుండి పాత మెట్లను బాగుచేసే అవసరం ఎవరికీ తోచదు. ఒక వానకు ఒక రాయి జారుతుంది. మరుసటి ఏడు ఆ సందులో పొద మొలుస్తుంది. పొద వేరు పక్కరాయిని కదిలిస్తుంది. నడిచేవాడు పక్కనుండి పోతాడు. ఆ పక్కదారిని నీరు కోసుకుపోతుంది. ఇరవై ఏళ్ళలో అక్కడ ఒక మెట్లదారి ఉండేదని చెప్పగలవారే కరువవుతారు. కొండవీటి పాత దారికి ఇప్పుడు ఎదురవుతున్న అపాయం ఇదే. దానిపై యుద్ధాలు, ముట్టడులు, గుప్తనిధుల త్రవ్వకాలు గడిచాయి. వాటన్నిటినీ ఓర్చుకొన్నది, ఎవరూ నడవకపోవడాన్ని ఓర్చుకోలేకపోవచ్చు.

నల్లమల దారి ఆ స్థితికి రాలేదు. కారణం స్పష్టం. మహాశివరాత్రికీ, ఉగాదికీ వేలాదిమంది దానిపై నడుస్తున్నారు. ఉగాదికి కర్ణాటక నుండి వచ్చేవారిలో చాలామంది వందల కిలోమీటర్లు కాలినడకనే వస్తారు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి పసుపు కుంకుమలు, చీర సారె తెస్తారు. ఆ రోజులలో అడవి దారిలో చలివేంద్రాలు, అన్నదాన పందిళ్ళు వెలుస్తాయి. జారిన రాళ్ళు సర్దుతారు, పొదలు కొడతారు. ఈ ప్రాంతం పులుల అభయారణ్యం. కనుక తక్కిన కాలంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఈ దారిన పోరాదు. ఘాట్ రోడ్డుపైన కూడా రాత్రివేళ వాహనాలకు నిషేధం ఉంది. సైకిలుకు ఆ మెట్లపై చోటే లేదు. అడవిలో తరతరాలుగా దారి చూపుతున్నవారు చెంచులు. ఏ కాలంలో ఏ చెలమలో నీరుంటుందో వారికి తెలుసు. యాత్రికుడు వారికి అతిథి అనే సంగతి మరువరాదు.

కొండవీటికి ఇటువంటి పండుగ నడక లేదు. ఆ దారిన ఎక్కేది సెలవు దినాలలో వచ్చే విద్యార్థులు, చరిత్రపై ఆసక్తి గలవారు, మేకల కాపరులు, సీతాఫలాలు ఏరుకొనేవారు. గుంటూరు, తెనాలి, చేబ్రోలు, పొన్నూరు ప్రాంతాల నుండి తెల్లవారకముందే సైకిళ్ళపై బయలుదేరిన యువకులు ఎండ ముదరకముందే కొండ అడుగుకు చేరగలరు. బండ్లు ఊరిలో నిలిపి, పాత మెట్లపై ఎక్కి, ముత్యాలమ్మ చెరువు గట్టున సేదతీరి, కోటగోడ అంచునుండి చూస్తే తాము తొక్కివచ్చిన మైదానమంతా తూర్పున పరచుకొని కనిపిస్తుంది. డొంకలు సన్నని గీతలవుతాయి. ఊళ్ళు చెట్ల గుంపులవుతాయి. ఘాట్ రోడ్డు మలుపులలో మోటార్ల మోత వినిపిస్తుంది. మెట్లదారిలో చప్పుడు ఉండదు. కాలి కింద ఒక రాయి కదిలితే, అది కిందికి దొర్లిపోకుండా తీసి అంచున పెట్టి, మిగిలిన మెట్లు దిగుతారు.

ప్రశ్నలు

1. మైదానపు దారికీ, కొండదారికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. కొండపై మనిషి దారిని వాననీటి జాడ నుండి, మేకల జాడ నుండి వేరుగా గుర్తించడం ఎట్లు?
3. ఘాట్ రోడ్డు పడిన తరువాత పాత మెట్లదారి శిథిలమయ్యే క్రమాన్ని వ్రాయండి. నల్లమల దారి అట్లు కాకపోవడానికి కారణమేమి?
4. మీ ఊరి సమీపంలో నేడు ఎవరూ నడవని పాత బాట ఒకదానిని గురించి పెద్దలను అడిగి తెలుసుకొని, ఇరవై వాక్యాలలో వ్రాయండి.